అమెరికా వేటగాళ్ల సరంజామా: డబ్బంతా తుపాకీకే పోతుందా?

సంక్షిప్తంగా: అమెరికాలో వేటగాళ్లు 2022లో పెట్టిన ఖర్చు 4,520 కోట్ల డాలర్లని అక్కడి జాతీయ సర్వే లెక్క. తలకు మూడు వేల డాలర్ల పైమాటే. ఇందులో తుపాకీ వాటా చాలామంది అనుకునేదానికంటే తక్కువ. బట్టలు, బైనాక్యులర్లు, కెమెరాలు, మంచెలు, ట్రక్కులు, భూమి కౌలు కలిసి లెక్కను పెంచుతున్నాయి. అడవి జంతువుల సంరక్షణకు డబ్బు తెచ్చే పన్ను మాత్రం ఇప్పటికీ తుపాకీ, తూటా, విల్లు, బాణాల మీదే ఉంది.

సెప్టెంబరు వచ్చిందంటే అమెరికాలోని పెద్ద సూపర్ మార్కెట్లలో స్కూలు బ్యాగులు తీసేసి వేట సామాను సర్దుతారు. ఆకులు, కొమ్మల బొమ్మలు వేసిన చొక్కాలు, కళ్లు చెదిరే నారింజ రంగు టోపీలు, తూటాల పెట్టెలు, జింక మూత్రం నింపిన చిన్న సీసాలు. ఆ సీసాలు నిజంగానే అమ్ముతారు. మగ జింకను వాసనతో దగ్గరకు రప్పించడానికి వాడతారు. డాలస్‌లోనో, అట్లాంటాలోనో కొత్తగా దిగిన తెలుగు కుటుంబానికి ఆ వరస చూస్తే సహజంగా వచ్చే సందేహం ఒకటే: ఒక్క జింక కోసం ఇంత సామాను ఎందుకు, దీనికంతా ఎంతవుతుంది?

సగటు లెక్కలో ఏముంది

అమెరికా ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ సర్వీస్ 1955 నుంచి సుమారు ఐదేళ్లకోసారి వేట, చేపల వేట, జంతువుల వీక్షణ మీద సర్వే చేయిస్తోంది. 2022 సర్వే ప్రకారం 16 ఏళ్లు దాటిన వేటగాళ్లు 1.44 కోట్ల మంది. 4,520 కోట్ల డాలర్లను వాళ్లందరికీ పంచితే తలకు దాదాపు 3,140 డాలర్లు. ఈ అంకెను చూపించి ‘వేట సామానుకు మూడు వేలు’ అనేస్తే మాత్రం పప్పులో కాలేసినట్టే. పెట్రోలు, హోటలు, తిండి, లైసెన్సు, భూమి అన్నీ ఇందులోనే ఉన్నాయి.

ఏది ఎంత అన్నది తెలియాలంటే 2011 సర్వే పనికొస్తుంది. అప్పుడు వేటగాళ్లు 1.37 కోట్ల మంది, మొత్తం ఖర్చు 3,370 కోట్ల డాలర్లు. ప్రయాణాలకు 1,040 కోట్లు, సామానుకు 1,400 కోట్లు, మిగిలిన 930 కోట్లు లైసెన్సులు, సంఘాల చందాలు, ముఖ్యంగా భూమి కొనడానికీ కౌలుకు తీసుకోవడానికీ పోయాయి. సామాను కింద చూపిన 1,400 కోట్లను మళ్లీ మూడు ముక్కలు చేశారు. తుపాకులు, తూటాలు, విల్లులు, స్కోపుల (గురి చూడటానికి తుపాకీ మీద బిగించే దుర్బిణీల) వంటి అసలు వేట సామాను 770 కోట్లు. టెంట్లు, ప్రత్యేక దుస్తుల వంటి అనుబంధ సామాను 180 కోట్లు. వేట కోసమే కొన్నామని చెప్పిన ట్రక్కులు, క్యాంపర్లు, పడవల వంటివి 450 కోట్లు.

అసలు వేట సామానును మాత్రమే తీసుకుంటే తలకు 560 డాలర్లు. మొత్తం సామాను అయితే వెయ్యి దాటుతుంది. అన్నీ కలిపితే 2,460. ముగ్గురు మూడు అంకెలు చెప్పి ముగ్గురూ నిజమే చెబుతున్నామని వాదించుకోవచ్చు. వేటను వ్యతిరేకించేవాళ్లు, పరిశ్రమవాళ్లు, ప్రభుత్వం ఎవరి పనికొచ్చే అంకె వాళ్లు పట్టుకుని మాట్లాడటం వల్లే ఈ విషయంలో గందరగోళం పుట్టింది. పైగా 2022లో సర్వే పద్ధతి మార్చారు కాబట్టి పాత అంకెల పక్కన కొత్తవి పెట్టి ‘ఇంత శాతం పెరిగింది’ అనడం సరికాదు.

సగటుతో ఇంకో చిక్కు కూడా ఉంది. ఖర్చు అందరికీ సమానంగా ఉండదు. తాతల నాటి రైఫిల్‌తో ఏడాదికి రెండు వందల డాలర్లలో కానిచ్చేవాళ్లు ఒక పక్క, కొత్త ట్రక్కు కొని ఆ ఖర్చును వేట పద్దులో రాసేవాళ్లు ఇంకో పక్క. ఆ ట్రక్కులు కొన్న కొద్దిమంది సగటును పైకి లాగుతారు.

విస్కాన్సిన్‌లో ఒక బిల్లు

ఉదాహరణకు విస్కాన్సిన్ రాష్ట్రం తీసుకుంటే అక్కడ తుపాకీతో జింకల వేటకు ప్రధాన సీజన్ తొమ్మిది రోజులు. నవంబరులో వచ్చే థాంక్స్‌గివింగ్ పండుగ ముందు శనివారం మొదలవుతుంది. రాష్ట్రంలో ఉండేవారికి లైసెన్సు 24 డాలర్లు. అంటే చట్టం అడిగే డబ్బు ఒక కుటుంబం పిజ్జా తిన్నంత.

మొదటిసారి దిగేవాడికి మిగతా ఖర్చు ఇలా పడుతుంది. సాదా బోల్ట్ యాక్షన్ రైఫిల్ (ప్రతి తూటాకూ చేత్తో గడియ లాగాల్సిన రకం) 450 నుంచి 600 డాలర్లు. దాని మీదికి ఓ మాదిరి స్కోప్ 200. ఇరవై తూటాల పెట్టెలు రెండు, ఒక్కోటి నలభై చొప్పున. చలికి తట్టుకునే బూట్లు 150. నారింజ రంగు జాకెట్టు, టోపీ కలిపి వంద లోపు. చెట్టుకు ఆనించే నిచ్చెన మంచె ఇంకో 150. మన చేలల్లో కాపలాకు వేసే మంచెకూ దీనికీ సూత్రం ఒకటే. కాకపోతే ఇది ఇనుప గొట్టాలతో చేసి అట్టపెట్టెలో వస్తుంది, కింద పడకుండా ఒంటికి కట్టుకునే పట్టీలు కూడా ఇస్తారు. అమెరికా వేటలో గాయాలకు పెద్ద కారణం ఎవరి తూటానో తగలడం కాదు, ఈ మంచెల మీంచి పడటం. ఆఖర్న జింక దొరికితే దాన్ని కోసి ముక్కలు చేసి ప్యాక్ చేసిచ్చే కసాయి దుకాణానికి 100 నుంచి 150. లైసెన్సుతో సహా అంతా కలిపితే దాదాపు 1,250 నుంచి 1,450 డాలర్లు.

ఒక ఓ మాదిరి జింక నుంచి ఎముక తీసేశాక వచ్చే మాంసం సుమారు 20 కిలోలు. మొదటి ఏడాది లెక్కలో కిలో 70 డాలర్ల వరకు పడుతుంది. చారాణా కోడికి బారాణా మసాలా అన్న మాట ఇక్కడ సరిగ్గా సరిపోతుంది. రెండో ఏడాది నుంచి కథ మారుతుంది. లైసెన్సు, ఒక పెట్టె తూటాలు, పెట్రోలు, కసాయి కూలి కలిపి 250 డాలర్లు అనుకుంటే కిలో 12, 13కి దిగుతుంది. అమెరికా దుకాణంలో గొడ్డుమాంసం ఖీమా ధర ఇటీవల దాదాపు అంతే ఉంది. సీజనంతా మంచె మీద కూర్చుని వట్టి చేతులతో ఇంటికొచ్చేవాళ్లూ చాలామందే కాబట్టి, ‘మాంసం కోసమే వేట’ అనే వాదన లెక్కల్లో నిలవాలంటే పాత సామానుతో ఏళ్ల తరబడి వేటాడాలి. ఆ మాంసాన్ని అమ్మి ఖర్చు రాబట్టుకునే వీలు లేదు. అడవి జంతువుల మాంసం అమ్మకాన్ని నిషేధించడం అమెరికా వేట చట్టాలకు పునాది. 19వ శతాబ్దంలో బజారు కోసం వేటాడి జంతువుల్ని తుడిచిపెట్టేసిన అనుభవం నుంచి వచ్చిన నియమం అది.

తుపాకీ పాతబడదు, అదే వ్యాపారుల ఇబ్బంది

నూనె రాసి తుడిచి పెట్టుకుంటే ఒక రైఫిల్ యాభై ఏళ్లు పనిచేస్తుంది. 1906లో వచ్చిన .30-06 తూటా ఇప్పటికీ ప్రతి దుకాణంలో దొరుకుతుంది, ఇప్పటికీ జింక పడుతుంది. ఒక్కసారి కొంటే కొడుకుకీ మనవడికీ సరిపోయే వస్తువు మీద ఆధారపడి ఏ పరిశ్రమా ఎదగలేదు. అందుకే గత నలభై ఏళ్లుగా వేట వ్యాపారమంతా తొందరగా పాతబడే వస్తువుల వైపు మళ్లింది.

దీనికి మంచి ఉదాహరణ కాంపౌండ్ విల్లు. మిస్సోరీకి చెందిన హోలెస్ విల్బర్ ఆలెన్ 1966లో దీని పేటెంటుకు దరఖాస్తు చేశాడు, 1969లో అది మంజూరైంది. విల్లు కొసల్లో గిలకలు పెట్టడం అతని ఆలోచన. మామూలు విల్లును ఎంత లాగితే అంత బరువు చేతి మీద పడుతుంది. కాంపౌండ్ విల్లు మొదట్లో 30 కిలోల పైన బలం అడుగుతుంది కానీ, పూర్తిగా లాగాక గిలక తిరిగి ఆ బరువులో 80 శాతం దాకా తనే మోస్తుంది. చేతి మీద మిగిలేది ఆరేడు కిలోలు. దాంతో ఆఫీసు ఉద్యోగి కూడా లాగి పట్టుకుని, జింక పక్కకు తిరిగేదాకా ఆగగలుగుతున్నాడు. వేటలో విలువిద్య మళ్లీ ఊపందుకోవడానికి ఈ గిలకే ప్రధాన కారణం.

గిలకలున్న యంత్రాన్ని ఏటా కొంచెం కొంచెం మార్చవచ్చు. మాథ్యూస్, హోయిట్ లాంటి కంపెనీలు చలికాలం వచ్చేసరికి కొత్త మోడల్ దింపుతాయి. పై తరగతి విల్లు ఒక్కటే 1,200 నుంచి 1,400 డాలర్లు, కార్బన్‌తో చేసినదైతే ఇంకా ఎక్కువ. అది ఒట్టి విల్లు. గురి చూసే పిన్నులు, బాణం ఆనుకునే రెస్టు, తాడు వదిలే ట్రిగ్గర్, అంబులపొది, డజను కార్బన్ బాణాలు విడిగా కొనాలి. వాటికి ఇంకో ఐదారు వందలు. రెండేళ్లు తిరిగేసరికి అమ్మబోతే సగం ధర రావడం కష్టం. సెల్‌ఫోన్ల వ్యాపారం నడిచే తీరు ఇదే.

ఈ వ్యాపారం కోరికను అమ్మడం మీదే మొదలైందనడానికి వేట సామాను అమ్మే కబేలాస్ కంపెనీ కథ చాలు. 1961లో నెబ్రాస్కాకు చెందిన డిక్ కబేలా చేపలకు ఎరగా వేసే ఉత్తుత్తి ఈగలు డాలరుకు పన్నెండు ఇస్తానని పేపర్లో ప్రకటన ఇస్తే ఒక్కరు స్పందించారు. ఐదు ఈగలు ఉచితం, తపాలా ఖర్చుకు పావు డాలరు పంపండి అని మార్చేసరికి ఆర్డర్లు మొదలయ్యాయి. ప్రతి పార్సెల్లో ఇతర సామాన్ల జాబితా పెట్టి పంపేవారు. ఆ జాబితాయే తర్వాత లావుపాటి క్యాటలాగ్ అయింది. 2017లో బాస్ ప్రో షాప్స్ ఆ కంపెనీని కొన్నప్పుడు ధర వందల కోట్ల డాలర్లలో పలికింది.

జింక కంటికి ఏం కనిపిస్తుంది

సామాన్లలో అన్నింటికన్నా ఎక్కువ వాదన నడిచేది బట్టల మీద. 1980ల దాకా వేటగాడి బట్టలంటే ఉన్ని కోటు, లేదా సైన్యం వదిలించుకున్న పాత యూనిఫాం. 1986లో మాసీ ఓక్, రియల్‌ట్రీ అనే రెండు కంపెనీలు చెట్టు బెరడు, ఆకుల బొమ్మల గుడ్డతో రంగంలోకి దిగాయి. ఆ తర్వాత సిట్కా, కుయూ లాంటి కంపెనీలు పర్వతారోహకుల బట్టల పద్ధతిని తెచ్చాయి. చెమట పీల్చే లోపలి పొర, వేడి నిలిపే మధ్య పొర, వాన ఆపే పై పొర విడివిడిగా. గోర్‌టెక్స్ బట్ట తయారుచేసే గోర్ కంపెనీ 2009లో సిట్కాను కొనేసింది. ఇలాంటి బ్రాండ్ల జాకెట్టు ఒక్కటే మూడు నుంచి ఐదు వందల డాలర్లు ఉంటుంది. తల నుంచి కాలి దాకా వేసుకుంటే రైఫిల్ ధర దాటిపోతుంది.

జింక కంటికి ఈ బొమ్మలతో పెద్దగా పని లేదు. 1990ల మొదట్లో జార్జియా విశ్వవిద్యాలయంలో జరిగిన పరిశోధనతో ఒక సంగతి తేలింది. మనిషి కంట్లో రంగుల్ని పట్టే కణాలు మూడు రకాలు, జింక కంట్లో రెండే. ఎరుపు, నారింజలను అది మనలా విడిగా గుర్తుపట్టలేదు. నీలం మాత్రం మనకంటే బాగా కనిపిస్తుంది, మనకు కనిపించని అతినీల కాంతి కూడా కొంత తెలుస్తుంది. అందుకే చాలా రాష్ట్రాలు తప్పనిసరి చేసిన నారింజ జాకెట్టు తోటి వేటగాడి కళ్లు చెదరగొడుతుంది గానీ జింకకు పసుపో, బూడిదో అన్నట్టుంటుంది. మరోపక్క ఐదు వందల డాలర్ల జాకెట్టును మామూలు డిటర్జెంటుతో ఉతికితే, తెల్లదనం కోసం పౌడర్‌లో కలిపే రసాయనం అతినీల కాంతికి మెరుస్తుంది. వేటగాడికి ఆ మెరుపు అంతగా తెలియదు, జింకకు బాగా కనపడుతుంది. దానికి విరుగుడుగా ప్రత్యేక సబ్బు అమ్ముతున్నారు.

జింక మొదట నమ్ముకునేది ముక్కును. గాలి ఎటు వీస్తోందో చూసుకుని కూర్చోవడానికి పైసా ఖర్చు లేదు. అయినా వాసన పోగొట్టే సబ్బులు, స్ప్రేలు, ఓజోన్ వదిలే యంత్రాలు అమ్ముడవుతూనే ఉన్నాయి. వీటిలో చాలా వస్తువులు జింకను ఏమార్చడంకంటే ‘ఈసారైనా దొరుకుతుందా’ అన్న టెన్షన్‌ను తగ్గించడానికే ఎక్కువగా పనికొస్తాయని చెప్పవచ్చు. బూట్లు, వెచ్చటి దుస్తులు, మంచి అద్దాలున్న బైనాక్యులర్లు ఈ కోవలోకి రావు. మంచులో ఐదు గంటలు కదలకుండా కూర్చోగలగడం, తెల్లవారుజామున మసక వెలుతురులో కొమ్ములున్నాయో లేవో తేల్చుకోగలగడం ఫలితాన్ని నిజంగానే మారుస్తాయి.

తీరిక లేనివాడి వేట

2011 లెక్కలో ఒక వేటగాడు ఏడాదికి సగటున 21 రోజులు అడవిలో గడిపాడు. సగటు అంత ఉన్నా, ఊరికి దూరంగా ఉద్యోగం చేసుకునేవాడికి దొరికేది రెండు మూడు వారాంతాలు. ఖర్చు పెరగడంలో దీని పాత్ర పెద్దది. పొలం పక్కనే ఉండే రైతుకు జింకలు ఏ దారిన వస్తాయో రోజూ చూసి తెలుస్తుంది. రెండు వందల కిలోమీటర్ల అవతల ఉన్నవాడు ఆ తెలివిడిని కొనుక్కోవాలి.

చెట్టుకు కట్టే కెమెరాలు పుట్టింది ఇందుకే. మొదట్లో వాటిలో ఫిల్ము ఉండేది, తర్వాత మెమరీ కార్డు వచ్చింది. ఇప్పుడు సిమ్ ఉన్న కెమెరా ఫొటోను నేరుగా ఫోనుకు పంపుతుంది. ఒక్కో కెమెరా వంద డాలర్ల అటూ ఇటూ, దాని పైన నెలనెలా చందా. నాలుగైదు కెమెరాలు కడితే ఏడాది చందాయే లైసెన్సు ఫీజుకు ఎన్నో రెట్లు. ఇంత సులువు వేట ధర్మానికి విరుద్ధమనే వాదన బలపడి, 2022 జనవరి 1 నుంచి అరిజోనా వేటకు ఈ కెమెరాల వాడకాన్ని నిషేధించింది.

భూమి సంగతీ అంతే. టెక్సస్‌లో 90 శాతానికి పైగా భూమి ప్రైవేటు వాళ్లది. వేటకు కౌలు కట్టాల్సిందే. పశ్చిమాన కొలరాడోలో ప్రభుత్వ అడవులు విరివిగా ఉన్నాయి కానీ, ఎల్క్ అనే పెద్ద జింకను వేటాడే అనుమతి చీటీ (ట్యాగ్) బయటి రాష్ట్రంవాడికి ఎనిమిది వందల డాలర్ల అటూ ఇటూ. స్థానికుడికి అదే ట్యాగ్ వంద లోపు. అంత పెట్టి అంత దూరం పోయాక బైనాక్యులర్ల దగ్గరో, తూటాల దగ్గరో పిసినారితనం చేసేవాడు అరుదు. ఒక ఖర్చు ఇంకో ఖర్చుకు దారి వేయడం అంటే ఇదే.

కొన్నిచోట్ల చట్టమే ఖర్చును పెంచుతుంది. సీసపు ముక్కలు తిన్న పక్షులు, ముఖ్యంగా కాండోర్ రాబందులు చనిపోతున్నాయని కాలిఫోర్నియా 2019 జులై 1 నుంచి వేటలో సీసపు తూటాలను పూర్తిగా ఆపేసింది. రాగి తూటా ఖరీదు ఎక్కువ.

పన్ను ఎక్కడ పడుతోంది

ఈ కొనుగోళ్ల మీద దేశం మొత్తానికి ఆసక్తి ఉండటానికి కారణం 1937 నాటి ఒక చట్టం. నెవాడా సెనేటర్ కీ పిట్‌మన్, వర్జీనియా ప్రతినిధి విల్లిస్ రాబర్ట్‌సన్ పేర్లతో అది పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టమైంది. రైఫిళ్లు, షాట్‌గన్లు, తూటాల మీద 11 శాతం, పిస్టళ్ల మీద 10 శాతం పన్ను. విల్లుల మీద కూడా 11 శాతమే, బాణాల మీద మాత్రం పుల్లకింత అని లెక్క. పిస్టళ్లు, విల్లులు 1970ల తొలినాళ్లలో చేరాయి. పన్నును తయారీదారు లేదా దిగుమతిదారు కడతారు కాబట్టి కొనేవాడి రసీదులో కనిపించదు. ఫ్యాక్టరీ 350 డాలర్లకు అమ్మిన రైఫిల్ మీద 38 డాలర్ల పైచిలుకు అలా ధరలో కలిసిపోయి ఉంటుంది.

ఆ డబ్బులో ఎక్కువ భాగాన్ని రాష్ట్రాలకు సగం విస్తీర్ణాన్ని బట్టి, సగం వేట లైసెన్సుల సంఖ్యను బట్టి పంచుతారు. ప్రాజెక్టు ఖర్చులో 75 శాతం దాకా కేంద్రం ఇస్తుంది, మిగతాది రాష్ట్రం పెట్టుకోవాలి. వేట లైసెన్సు ఫీజును వేరే పనులకు మళ్లించిన రాష్ట్రానికి వాటా అందదు. రోడ్లకో, జీతాలకో ఆ డబ్బు పోకుండా కాపాడింది ఈ ఒక్క షరతే. గత శతాబ్దం మొదట్లో ఐదు లక్షల దాకా పడిపోయిన తెల్లతోక జింకలు ఇప్పుడు మూడు కోట్ల దాకా ఉండటంలో ఈ నిధుల పాత్ర ఉంది. బాతుల వేటకు వేరే ఏర్పాటు: బాతుల వేటగాళ్లు కొనాల్సిన డక్ స్టాంప్ 1934లో డాలరుతో మొదలై ఇప్పుడు 25 డాలర్లయింది, ఆ డబ్బు చిత్తడి నేలలకు పోతుంది.

మన దగ్గర ఈ సంబంధమే లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, దానికి 1991లో చేసిన సవరణ తర్వాత వినోదం కోసం వేట నేరం. పంటలు పాడుచేసే అడవి పందుల్ని కూడా ప్రత్యేక అనుమతి ఉంటేనే చంపాలి. నల్లమలకైనా, కవ్వాల్‌కైనా డబ్బు వచ్చేది బడ్జెట్ నుంచి, కాంపా నిధుల నుంచి. అటవీ భూమిని గనులకో, ప్రాజెక్టుకో ఇచ్చినప్పుడు వసూలు చేసే సొమ్ము ఆ కాంపా నిధి. అంటే అక్కడ తూటా అమ్మితే అడవికి డబ్బు, ఇక్కడ అడవి పోతే అడవికి డబ్బు. రెండింటిలోనూ మెలిక ఉంది.

అమెరికా పద్ధతిలోని మెలిక ఇప్పుడు బయటపడుతోంది. 1937లో వేటగాడి ఖర్చంటే తుపాకీ, తూటాలే. ఇప్పుడు అతని డబ్బు పోతున్న జాకెట్టు, బైనాక్యులర్, బూట్లు, కెమెరా చందా, ట్రక్కు ఈ పన్ను కిందికి రావు. పన్ను కట్టే తూటాలను ఎక్కువగా కొంటున్నది ఆత్మరక్షణ కోసం, రేంజుల్లో గురి సాధన కోసం కొనేవాళ్లు. 2020లో తుపాకుల అమ్మకాలు రికార్డు స్థాయికి చేరాక రాష్ట్రాలకు పంచిన మొత్తం ఏడాదికి వంద కోట్ల డాలర్లు దాటింది. ఆ ఏడాది అమ్మకాలను పెంచింది కరోనా, ఎన్నికల భయాలు. జింకల కోసం చేసే ఖర్చు రాజకీయ భయాల మీద ఆధారపడితే, ఆ భయాలు చల్లారిన ఏడాది అటవీ శాఖల బడ్జెట్ కూడా చల్లారుతుంది.

వీపు సంచులు, బైనాక్యులర్లు, టెంట్ల మీద కూడా చిన్న పన్ను వేద్దామని 1990ల్లో ప్రతిపాదన వచ్చింది. పక్షులు చూసేవాళ్లు, కొండలెక్కేవాళ్లు కూడా వాటా పంచుకుంటారన్నది ఆలోచన. ఆ వస్తువుల తయారీదారులు ఒప్పుకోలేదు, ప్రతిపాదన ముందుకు కదల్లేదు. దాంతో 1937 జాబితాయే దాదాపు అలాగే నడుస్తోంది. రెండు వేల డాలర్ల బైనాక్యులర్ కొన్నవాడి నుంచి ఈ నిధికి చేరేది సున్నా. తాత రైఫిల్‌తో వేటకెళ్లే మనవడు కొన్న నలభై డాలర్ల తూటాల పెట్టె నుంచి మాత్రం రెండు మూడు డాలర్లు చేరుతున్నాయి.